పాత దూది

టానరీ రోడ్డు మసీదులో
ఇషా అయిపోయి ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆగుతున్నాయి.
నేను మాత్రం సజ్దాలోంచి లేవలేదు.
చాప గీతలు నుదుటికి అంటుకున్నాయి.

అల్లా, నీకు తెలిసిందే చెబుతున్నా,
పైకి అంటే గానీ నాకు తెలిసేలా లేదు.

లింగరాజపురం సరోజమ్మ
కూతురి కాన్పుకని పరుపు కుట్టమంది.
కొత్త దూదికి డబ్బు
కొంగుముడి విప్పి లెక్కపెట్టి ఇచ్చింది,
అన్నీ పది రూపాయల నోట్లే.
నేను ఆస్పత్రి పరుపుల దూది కూరాను.
పైన రెండు వేళ్ల మందం మాత్రం తెల్లగా.
కుట్లు దగ్గర దగ్గరగా వేశాను.
అంత శ్రద్ధ
ఏ నిజమైన పనికీ పెట్టి ఎరగను.

మా నాయన విల్లు మీటితే
దూదిలో దాగిన గింజ ఎగిరి గోడకు తగిలేది.
ఇప్పుడెవరు మీటుతున్నారో,
నా లోపల నారి మోగుతూనే ఉంది.

తౌబా తౌబా అని చెంపలేసుకున్నా.
విన్నట్టున్నాడు ముసలి హజ్రత్,
చెప్పులు వెతుక్కుంటూ అన్నాడు:
"ఆయన బాకీ ఆయన మాఫీ చేస్తాడులే కుళ్ళాయప్పా.
ఆ తల్లి బాకీ ఆమె చేతిలోనే ఉంది కదా."

ఫజర్ ముగించి
పన్నెండు కిలోల కొత్త దూది సైకిలుకు కట్టాను.
దారంతా తుంపర.
ఉన్న ఒక్క ప్లాస్టిక్ పట్టా దూదికే కప్పాను.

తలుపు తీసింది ఆమే.
లోపల పసిబిడ్డ ఏడుపు.
"పరుపు మెత్తగా ఉందయ్యా,
మళ్లీ ఎందుకొచ్చావు?"

మాట గింజలా గొంతుకడ్డం పడింది.
కత్తెర గడప మీద పెట్టి
"విప్పి చూడమ్మా" అన్నాను.