చీమ

మొదటిసారి చచ్చిపోయినప్పుడు నాకు ఆరేళ్ళు.
చాందివలీ స్టూడియోలో, సున్నం బస్తాల గోదాము సెట్టులో
పదకొండు శవాల్లో చివరి శవాన్ని.
ఎనిమిది రూపాయలు, ఒక వడాపావ్.
"పిల్ల కళ్ళు మూసుకుని పడుకుంటే చాలు కుందాతాయీ,
నటన అక్కర్లేదు" అన్నాడు మా అమ్మతో
మనుషుల్ని సప్లయి చేసే బర్కత్ భాయ్.

ఆ రోజుల్లో నెత్తురంటే చక్కెర పాకం.
చెంప మీద కొంచెం, చెవి పక్కన ఇంకొంచెం పోసి
మేకప్ దాదా వేలు నాక్కుని తలూపాడు.
లైట్ల వేడికి పాకం ముదిరింది.
శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు.
చాందివలీలో డైరెక్టరు ఆజ్ఞ కూడా లేకుండా
గండుచీమ ఒకటి బయల్దేరింది,
మెడ మీంచి చెంపకి, చెంప మీంచి పెదవికి.
కదల్లేదు నేను.
కదిలితే వడాపావ్ ఇవ్వరని అమ్మ చెప్పింది.

హీరో మోకాళ్ళ మీద కూలబడ్డాడు.
కథ ప్రకారం నేను అతని చెల్లెల్ని.
అరవాలి. రెండు పేజీల డైలాగుంది,
అందులో ఏడు పేర్లు, చంపవలసినవాళ్ళవి.
అతను చీమను చూశాడు.
మాట మరిచిపోయాడో, మానేశాడో,
వంగి, ఉఫ్ మన్నాడు.
పోలేదు. మళ్ళీ ఊదాడు.
ఆఖరికి చిటికెన వేలి మీదికి ఎక్కించుకుని
పక్కన నేల మీద దించాడు, నలపకుండా.
బీడీ, యాలకులు కలిసిన ఊపిరి.
అప్పుడు లేచాడు
ఏడుగురి రక్తం కళ్ళజూడటానికి.

మూడు నెలలకి పరేల్లో చూశాం, నేల టిక్కెట్టు.
మిల్లు షిఫ్టు దిగొచ్చి,
ఈలలేసి ఈలలేసి నోరెండిన మగాళ్ళు
ఆ ఒక్కచోట ఊరుకున్నారు.
చీమ చిటుక్కుమంటే వినబడేది.
నిజంగా, చీమే.

ఇప్పుడు దాన్నే మళ్ళీ తీస్తున్నారు.
నాకు నలభై తొమ్మిది.
గోరేగావ్ ఫ్లోరులో, మూడో వరసలో, ముసలి శవాన్ని.
ఆ పిల్లను నేనేనని చెప్పబోయాను ఒకసారి.
అసిస్టెంటమ్మాయి చెవిలో ఇంకెవరో మాట్లాడుతున్నారు.

నెత్తురు తర్వాత వేస్తారట, కంప్యూటర్లో.
మొహానికి పచ్చచుక్కలంటించారు.
ఇంత శుభ్రంగా ఎప్పుడూ చావలేదు.
పదకొండు శవాలు నూటపదయ్యాయి,
ఏడు పేర్లు లెక్కలేనన్ని అయ్యాయి.
హీరో మంచివాడే, పాపం,
చచ్చినవాళ్ళందరికీ చల్లటి నీళ్ళిప్పించాడు.

చీమ ఉంది. ఉండాలట, జనం ఒప్పుకోరట.
పూణేలో ఎవరో కుర్రాడు చేస్తున్నాడు,
ఆరు కాళ్ళకీ విడివిడిగా నీడలు.
పిల్ల బదులు రబ్బరు బొమ్మ.
రాత్రి షూటింగులకి పిల్లల్ని పెట్టకూడదని రూలొచ్చింది.
మంచి రూలే. అప్పుడుంటే బాగుండేది.
వడాపావ్ ఉండేది కాదనుకోండి.

హీరో ఊదాడు. మళ్ళీ ఊదాడు.
బొమ్మ జుట్టు కదల్లేదని ఫ్యాను తెచ్చారు.
పద్నాలుగు టేకులు.
కళ్ళు మూసుకుని విన్నాను అన్నిటినీ.
కొలిచి వదిలిన గాలి.

"పాతది బావుందా, ఇదా?"
పెదవులు కదపకుండా అడిగింది పక్క శవం జుబేదా.
ఏం చెప్పను?
పాతదాంట్లోనూ నన్ను చంపారు.
పగ తీర్చుకోమని నేనెవర్నీ అడగలేదు,
అప్పుడూ, ఇప్పుడూ.
అడిగి ఉంటే
ఏడుగురినీ వాళ్ళ ఖర్మకి వదిలేసి
ఇంకాసేపు నా పక్కనే కూచోమనేదాన్ని.
అదేదీ చెప్పలేదు. "ష్" అన్నాను.

కట్ అన్నాక లేవబోతే మోకాలు పట్టేసింది.
చుట్టూ అందరూ లేచి దులుపుకుని
డబ్బులెప్పుడు పడతాయో మాట్లాడుకుంటూ వెళ్తున్నారు.
ఇంకా పడుకునే ఉన్నాను నేను.
నేల మీద, నా మోచేతి దగ్గర,
పూణేలో తయారుకాని చీమల బారు
భోజనాల బల్ల వైపు పోతోంది.
జిలేబీ ఉందేమో ఇవాళ.
చెయ్యి కాస్త జరిపి దారిచ్చాను.