గచ్చు కింది ఎండ

సామిల్లు విఠల్ సేటు సిమ్లా హోటల్ల
ఉత్త కాళ్లతోటి నడిచొచ్చిండట.
నిర్మల్ల నాకు గసొంటి గచ్చే గావాలె అన్నడు.

నాలుగు వందల మీటర్ల ఎర్ర పైపు.
అడుగున థర్మాకోలు, మీద ఇనుప జాలి,
జానెడు జానెడు ఎడంతోటి వంపులు తిప్పుకుంట
బట్ట మీద సకినాలు పోసినట్టు పరిచిన.
ఏడ గూడ అతుకు లేదు.
అతుకుంటే కారుతది, కారితే గచ్చంత పలగ్గొట్టాలె.
ఇరవై ఏండ్లు నల్లాలు బిగించిన చెయ్యి ఇది,
నీళ్లు బయటికి రావద్దని మొక్కుడు
ఇదే మొదలు.

కాంక్రీటు ఆరినంక ఒకనాడు బాయిలర్ రాజేసినం.
మెల్లగ పెంచు, రాత్రంత మీటరు ముల్లు సూసుకుంట ఉండు
అని చెప్పి ఇంజనీరు దుప్పట్లకు పోయిండు.
కిటికీలకు ఇంక తలుపులు రాలె.
పుష్యమాసం గాలి
మహబూబ్ ఘాట్ కెళ్లి నేరుగ నా చెవులల్లకే దిగుతున్నది.

జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం పట్టుకొని పోసాని వచ్చింది.
అలవాటుగ కడప కాడ చెప్పులిడిసింది.
రెండో అడుగుకు ఆగింది.
"ఇప్పుడే ఎవరన్న ఈడికెళ్లి లేసిపోయిండ్రా?"

ఎవరూ లేసిపోలే అన్న.
వంగి అరచెయ్యి పెట్టి సూసింది.
రొట్టె సంగతి మర్సి, కాళ్లు బార్లా జాపి
ఆడనే ఒరిగింది.

పన్నెండో ఏట చాట ముందర కూసున్నది పోసాని,
దినాం వెయ్యి బీడీలు, అడుగున సల్లటి బండ.
నిద్రల గూడ ఆమె వేళ్లు తునికాకు చుడ్తయి,
పక్కల పండుకునేటోన్ని, నాకెరుక.
ఆ రాత్రి ఒక కన్ను ముల్లు మీద,
ఒక కన్ను ఆ వేళ్ల మీద.
రెండూ కదలలె.

గృహప్రవేశమైంది. సోఫాలు దిగినయి.
సేటు ఇంట్ల తిరుగుడుకు మెత్తటి చెప్పులు కొన్నడు.
కింద కూసునేటోళ్లు ఎవరూ లేరు, ఒక్క కుక్క తప్ప.
అది పండుకునే జాగ ఏడనో అడుగుండ్రి, చెప్త:
మూడో వంపుకు, నాలుగో వంపుకు నడుమ.

మా ఇంట్ల పొద్దుగాల కిటికీకెళ్లి
చాటంత ఎండ పడ్తది.
పోసాని చాట పట్టుకొని దాని ఎంబడి జరుగుతది,
సందుగ కాడికి, బియ్యం డ్రమ్ము కాడికి.
నాలుగు కొట్టంగ ఎండ గోడెక్కుతది.
అప్పుడు గోనెపట్ట నాలుగు మడతలేసి
కిందేసుకుంటది.
ఇంక రెండు వందల బీడీలుంటయి.