మూడో ఫిర్యాదు

వాల్పరైసోలో ఇళ్ళు రేకుల చొక్కాలు తొడుక్కుంటాయి.
పసుపు, నీలం, వెలిసిపోయిన గులాబీ.
లోపల మట్టిగోడ, బయట ముడతల ఇనుము.
లోపలి సిగ్నల్ ఆ ముడతల్లో
జేబులో చిల్లరలా గలగలలాడుతుంది,
బయటికి మాత్రం రాదు.
పదకొండేళ్ళుగా ఈ కొండలెక్కుతున్నాను,
భుజాన నిచ్చెన, నడుముకి పనిముట్ల సంచి.
దోన్ ఎలెవుతేరియో ఇంటికిది మూడోసారి.

మొదటిసారి అద్దం వెనక దాచిన రౌటర్ని
బయటికి తీశాను.
రెండోసారి వైరు మార్చాను,
చేపలతొట్టిని గది అవతలికి జరిపించాను.
నీళ్ళకి సిగ్నలంటే దాహం.
మూడు చేపలూ అలిగి రోజంతా ఒక మూలే నిలబడ్డాయని
ఆయన ఫోన్ చేసి చెప్పాడు.
లైన్ మళ్ళీ పోయిందని కూడా.

ఆయనది చదరంగం పిచ్చి.
రేవులో తాళ్ళచుట్టల మీద కూర్చుని నేర్చిన ఆట.
అవతల పుంతా అరేనాస్‌లో ఎవరో,
గాలిదుమారం అని పేరు పెట్టుకున్న మనిషి,
ఆడో మగో తెలీదు.
సరిగ్గా ఏనుగుని కదపబోతుంటే
తెరమీద చిన్న సున్నా తిరగడం మొదలెడుతుంది.
గడియారం మాత్రం ఆగదు.
ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని
రొట్టెలకొట్టు దగ్గర నవ్వుకున్నారట.

నేరం ఫ్రేసియా మీద పడింది.
పక్కింటావిడ, రాత్రి షిఫ్టు నర్సు.
సాయంత్రం లేచి మైక్రోవేవ్‌లో సూపు వేడిచేసుకుంటుంది.
ఈయన గోడ బాదాడు.
"నీ గిన్నెడు సూపుకి నా మంత్రి బలి" అన్నాడట.
ఇంకా ఏవో అన్నాడట, అవి నాకు చెప్పలేదు.

ఈసారి నోటుబుక్కు తెచ్చి ఒళ్ళో పెట్టాడు.
తారీకు, వేళ, ఏ ఎత్తు దగ్గర తెగిందో.
మంగళవారం ఆరూ నలభై రెండు, గుర్రం.
గురువారం ఏమీ లేదు.
శుక్రవారం తెల్లవారుజామున నాలుగూ పది, బంటు.
నాలుగూ పదికి ఫ్రేసియా ఆస్పత్రిలో ఉంటుంది.
పక్కన అంచులో, పెన్సిల్‌తో, ఇంకో వరస:
బూడిదరంగు ఓడ, లోపలికి.
బూడిదరంగు ఓడ, బయటికి.
ముప్ఫై ఏళ్ళు టగ్గు మీద పనిచేసిన చెయ్యి,
ఓడ కనిపిస్తే రాయకుండా ఉండలేదు.

రెండు వరసల మీదా రెండు వేళ్ళు పెట్టి
కిందిదాకా జరిపాను.
తర్వాత రౌటర్ చిట్టా తెరిచాను.
అదే ముక్క, ఇరవైమూడు సార్లు:
రాడార్ వినిపించింది, ఛానెల్ వదిలేశాను.

"ఇది నూట ఎనిమిదో ఛానెల్లో మాట్లాడుతోంది, దోన్.
ఆ దారిలో మొదటి హక్కు రాడార్లది.
వాటి గొంతు వినిపిస్తే
ఇది నోరు మూసుకుని తప్పుకోవాలి, చట్టం.
వెళ్ళిన కొత్త చోట కూడా
ఒక నిమిషం ఊరికే వింటుంది.
ఎవరూ లేరని తేలాకే పెదవి విప్పుతుంది."

"అయితే చెడిపోలేదా?"
"లేదు. మర్యాద."

టగ్గులో కొత్తగా చేరిన కుర్రాణ్ణి చూసినట్టు
చాలాసేపు ఆ ప్లాస్టిక్ పెట్టెని చూశాడు.
"మేమూ అంతే," అన్నాడు.

ముప్ఫై ఆరుకి మార్చాను. రెండు నిమిషాల పని.
సంతకం పెట్టించుకుంటుంటే
కిటికీలో ఒక బూడిదరంగు ముక్కు మెల్లగా రేవులోకి జరిగింది.
ఇద్దరం దీపం వంక చూశాం.
ఆకుపచ్చ. రెప్ప కూడా వెయ్యలేదు.
ఆయన సంతోషించలేదు.

గోడ అవతల మైక్రోవేవ్ టింగుమంది.

నేను మెట్లమీద నిచ్చెన సర్దుకుంటుంటే
కాగితంలో చుట్టిన వేడి రొట్టెతో బయటికొచ్చి
పక్క తలుపు తట్టాడు.
తెరవలేదు.
టోపీ తీసి నిలబడ్డాడు,
పెదాలు కదులుతున్నాయి. అంకెలే అనుకుంటా.
ఫోన్లో అందరికీ నేను చెప్పేదే అది:
ప్లగ్ తీయండి, ముప్ఫై లెక్కపెట్టండి, మళ్ళీ పెట్టండి.

రెండోసారి తట్టాడు.
లోపల చెంచా కింద పెట్టిన చప్పుడు.

నాకింకా పై వీధిలో ఒక ఇల్లుంది.
అక్కడ వైరు కొరికింది
నిజంగా పిల్లేనంటున్నారు, చూడాలి.