అడుగు

ఎండాడ దగ్గర హైవే మీద అద్దాల షోరూము.
వెనక షెడ్డులో నాదీ ఎల్లాజీదీ గొట్టం డ్యూటీ.
ముందు వైపు బళ్ళకి అంకెలూ అక్షరాలూ ఉంటాయి.
వెనక వైపు మేం పెట్టుకున్న పేర్లు వేరు.

పొడుగ్గా, సన్నగా, వెండిలా మెరిసే కారు వంజరం.
రెండే తలుపులున్న గుండ్రటిది చందువా.
కరెంటుది టేకు చేప, వచ్చిన చప్పుడుండదు,
ఒకసారి నా మడమ దాకా వచ్చి ఆగింది.
ఏడుగురు పట్టే నల్లది సొర.
దాని నెత్తి తుడవాలంటే నాకు స్టూలు కావాలి.
ఎల్లాజీకి అక్కర్లేదు,
ఆ సంగతి రోజుకోసారైనా గుర్తుచేస్తాడు.

వంజరానికి నాలుగు బకెట్లు, సొరకి తొమ్మిది.
ధరల తేడా కిరీటి బాబు పలకలో ఉంటుంది,
నీళ్ళ తేడా నా నడుములో.

ఆదివారం దంతులూరి వారొచ్చారు, రొయ్యల చెరువుల వాళ్ళు.
ఆయన, ఆవిడ, ఆయన తల్లి.
ఆయనకి సొర కావాలి, చెరువు గట్ల మీద తిరగాలట.
ఆవిడకి వంజరం.
సిరిపురం సందుల్లో ఆ ఏనుగుని ఎక్కడ కట్టేస్తారంది.
కిరీటి బాబు పలక మీద రెండిట్నీ పక్కపక్కన నిలబెట్టి
డిక్కీలో పట్టే లీటర్లు,
నేలకీ బండికీ మధ్య మిల్లీమీటర్లు,
సీటు చిల్లుల్లోంచి వచ్చే చల్లగాలి
వరసగా చదివాడు.
"లీటర్లేటి బాబూ, అందులో నీళ్ళు పోస్తారా?"
అంది పెద్దావిడ.

ఆవిణ్ణి కూర్చోబెట్టి చూశారు.
వంజరంలోకి దిగడం దిగింది,
మోకాళ్ళు మళ్ళీ లేవనివ్వలేదు.
సొర ఎక్కబోతే కాలు గాల్లోనే ఉండిపోయింది.
కిరీటి బాబు ఏదో మీట నొక్కాడు.
బండి బుస్సుమని మొత్తం కిందికి కుంగింది.
ఆవిడ హడిలిపోయి కాలు వెనక్కి తీసుకుని
"ఒరేయ్, గాలి పోయినట్టుందిరా" అంది.

తేలక, విసిగి, ముగ్గురూ షెడ్డు వైపు వచ్చారు.
సర్వీసుకొచ్చిన పాత సొరొకటి లిఫ్టు మీదుంది,
దాని కింద నేను.
ఆవిడ వంగి చూసి, నవ్వులాటకే,
"నువ్వైతే ఏది కొంటావమ్మా?" అంది.

మా అయ్య పడవ బేరానికెళ్తే
ముందు బోర్లించమనేవాడు.
రంగు చూడడు, ముక్కు మీద గీసిన కళ్ళు చూడడు.
అడుగు మీద వేలి గణుపుతో కొట్టి
చెవి ఆనించేవాడు.
ఓసారి జాలారిపేట ఇసకలో
ఒక పచ్చ పడవ ఆయనకి ఏం చెప్పిందో,
బయానా వదులుకుని నడిచొచ్చేశాడు.
ఆ పడవ ఇంకొకరి చేతిలో తొమ్మిదేళ్ళు బానే తిరిగింది.
అయ్య అది చివరిదాకా ఒప్పుకోలేదు.

"ఇది ఉప్పుగాలి అమ్మగారూ," అన్నాను,
"ముందు పొట్ట కిందే చేరతాది.
మీకు నచ్చిందే కొనండి గానీ
అడుక్కి చెయ్యి దూరేది కొనండి."

ఆయన నవ్వాడు. కిరీటి బాబు గడియారం చూసుకున్నాడు.
పెద్దావిడ మాత్రం "ఏదీ, చూపించు" అంది.
లైటు ఎత్తి పట్టుకున్నాను.
ఇనుప అంచు మీద గోరింట పండినట్టు చిన్న ఎరుపు.
ఆవిడ వేలితో రాసి, వాసన చూసి,
పమిటకి తుడుచుకుంది.

సొరే కొన్నారు. తెల్లది.
మర్నాటి నుంచి వచ్చిన ప్రతివాళ్ళతోనూ
"మన విశాఖ గాలికి, అడుక్కి చెయ్యి దూరాలండీ"
అంటున్నాడు కిరీటి బాబు, తనే కనిపెట్టినట్టు.
కమీషన్ అడుగు, అన్నాడు ఎల్లాజీ.
గొట్టం చుట్ట చుట్టి మేకుకి తగిలించాను.

ఏడున్నరకి రెండొందల ఇరవై రెండు వచ్చింది.
మెట్టు రేకు అంచుని ఉప్పు కొరికేసింది.
నేలకీ దానికీ మధ్య ఎన్ని మిల్లీమీటర్లో
ఏ పలకలోనూ రాసుండదు.
చీకట్లో చూడకుండానే
నా మోకాలు సరిగ్గా అంతే లేచింది.