మూడోసారి అనే ముందు

మొంబాసాలో మంగళవారం, తేయాకు వేలం.
ఇప్పుడు సుత్తి లేదు, గొంతు చించుకునే మనిషి లేడు.
తెర మీద అంకె ఎక్కుతుంది, ఆగుతుంది,
ఆకుపచ్చ అవుతుంది.
ఆ ఆకుపచ్చకి పూచీ నాది.

నా పేరు జుహూరా. పదకొండేళ్లుగా
ఈ గోదాముల లెక్కంతా నిద్రపోయే పెట్టెకి కాపలా.
వాళ్లు నన్నడిగింది ఒక్కటే:
పెట్టె కాలిపోతే దాని జోడు ఎక్కడుండాలి,
దీనికి ఎంత దగ్గరగా ఊపిరి తీయాలి?

షెబ్వానా మామ రోజుల్లో జోడంటే కార్బన్ కాగితం.
పై ప్రతి నల్లగా, నడిమిది నీలంగా,
అడుగుది ఆనవాలుగా.
ఆ అడుగుదే రాత్రి రైల్లో నైరోబీ వెళ్లేది.
"అక్కడివాళ్లకి తెలిసేది నిన్నటి మొంబాసా" అని నవ్వేవాడు,
కాఫీలోకి అల్లం దంచుకుంటూ.

ఇప్పుడు రైలు కాదు, తీగ.
రాసిన అక్షరం రాసినట్టే బయల్దేరుతుంది.
అయితే తీగకీ రెండు మర్యాదలు.
నేను చెప్పేస్తాను, నువ్వు అందినప్పుడు అందుకో, అనేది ఒకటి.
వేలం పరుగెడుతుంది, జోడు వెనకాల దుమ్ములో వస్తుంటుంది.
రెండోది: నువ్వు ఊఁ కొట్టేదాకా
నా కథ ముందుకు నడవదు.

నైరోబీ నుంచి ఊఁ రావడానికి రెప్పపాటు కూడా పట్టదు.
కానీ వోయ్ దగ్గర ఎవడో కాలువ తవ్వుతూ
తీగ తెంపాడనుకోండి.
ఊఁ రాదు.
కరాచీ బేరగాడు, కైరో బేరగాడు, రేవులో లారీలు,
అందరూ నోరు తెరుచుకుని నిలబడిపోతారు.

లెక్కల అధికారి మ్వాకియో తేల్చేశాడు:
"మొదటిదే కానివ్వండి. మహా అయితే ఎంత పోతుంది?"
"మూడు సెకన్లు."
"మూడు సెకన్లకా ఇంత చర్చ!"

బల్ల చివర చెలాగత్, కెరిచో నుంచి వచ్చింది,
చిన్న రైతుల ఫ్యాక్టరీకి కార్యదర్శి.
వేళ్ల కొసలు ఆకు పసరుకి నల్లబడి ఉన్నాయి.
అప్పటిదాకా నోరు విప్పలేదు.
"మా లాటు అమ్ముడవడానికి ఎంతసేపు పడుతుంది?"

చిట్టా తీసి చూశాను. పోయిన మంగళవారం
నలభై బస్తాలు. ఒకటోసారి, రెండోసారి...
రెండు సెకన్ల మీద కాస్త.

"అయితే ఆ మూడు సెకన్లలో ఉన్నది మేమే" అంది.

కాసేపు ఎవరూ కప్పు ఎత్తలేదు.

చివరికి రాసుకున్నది ఇదీ.
ఊఁ కొట్టే జోడు వంతెనకి అవతల, న్యాలీలో.
నైరోబీది వెనకాలే రానీ, దాని నడక దానిది.
ఒకే వరద వంతెనకి ఇటూ అటూ వస్తే
నైరోబీకి అందినంతే మనకి మిగిలినంత.
ఆ వాక్యం కిందే మ్వాకియో చేత సంతకం పెట్టించాను.
న్యాలీ పలక్కపోతే ఎంతసేపు ఆగాలి?
ఆరు సెకన్లని రాశాను, కొట్టేశాను, మళ్లీ ఆరే రాశాను.

ఇంకొకటి అడిగితే అందరూ వింతగా చూశారు:
గంట ఆలస్యంగా నడిచే జోడు.
మార్చిలో ఒక మధ్యాహ్నం ఈ వేళ్లతోనే
ఒక సీజను మొత్తాన్ని తుడిచేశాను.
జోడు ఎంతో విశ్వాసంగా నాతోపాటు తుడిచింది.
ముఖానికి మసి పూసుకుంటే
అద్దంలో మాత్రం తెల్లగా ఉంటుందా?
మూడు రాత్రులు రసీదులు ముందేసుకుని
ఒక్కో బస్తా తిరిగి ఎక్కించాను.
అందుకే నాకొక మందకొడి కావాలి,
నా తప్పు ఇంకా చేరని చోటు.

శనివారం రాత్రి, వేలం లేనప్పుడు,
పెద్ద పెట్టె తీగ పీకి చూశాం.
చీకట్లో చిన్న దీపం మినుకుమంది, న్యాలీ లేచింది.
చివరి ఉత్తుత్తి లాటు దాని దగ్గర చెక్కుచెదరకుండా ఉంది.

అమ్ముడైంది అనే మాటకీ అవతలి ఊఁకీ మధ్య
ఇప్పుడు వెంట్రుకవాసి సందు.
ఆ సందులో నేనిక ఊపిరి బిగబట్టను.

అబద్ధం.
ప్రతి మంగళవారం బిగబడతాను.