పన్నెండో ట్యూబు

ఫహస్‌లో బండి ఫెయిలైంది.
ఇంజను బాగుందంట, బ్రేకులు బాగున్నాయంట,
కండ్లే బాగలేవంట.
కాగితం మీద ఎర్ర గుర్తు పెట్టి
వారం గడువిచ్చినారు.

షువైఖ్ గ్యారేజీలో కొత్తవి జత నలభై దినార్లు.
ఉన్నవాటికి మెరుగు పెట్టాలన్నా పన్నెండు.
మనసులో రూపాయలు చేసుకున్నా.
ఈ దేశమొచ్చిన పద్నాలుగేండ్లలో
ఆ ఎక్కం ఒక్కరోజూ మానలేదు.
"షుక్రన్" అని బండెక్కినా.

శుక్రవారం, హసావియాలో మా గది కింద
ఎండ ఇంకా ఎదురు గోడ దిగకముందే
ఓబులేసు బక్కెట్టుతో వచ్చినాడు.
రాయచోటిలో లారీలకు రంగులేసినోడు,
ఇక్కడ ఎవరిదో తోటలో మొక్కలకు నీళ్ళు పెడతాడు.
"ఇది గాజు కాదు బ్బా, ప్లాస్టిక్కు.
ఎండ లోపలికంటా పోలేదు,
పైపొరే మాడింది.
అది గీకేస్తే సరి."

పెయింటుకు తగలకుండా లైటు చుట్టూ టేపు అంటించినాం.
నీళ్ళ కాగితం మూడు రకాలు:
ఎనిమిదొందలు, పదిహేనొందలు, రెండువేలు.
అంకె పెరిగేకొద్దీ నునుపంట.
నాకు తెలిసిన అంకెలేవీ అట్ల లేవే, అన్నా.
వాడు నవ్వలేదు.
"తడి ఆరనీయాకు" అన్నాడు.

అడ్డంగా రుద్దినా.
నలుగు పెట్టి కడిగినట్టు
పచ్చటి నీళ్ళు బంపరు మీద కారినాయి.
తుడిచి చూస్తే
మునుపటికంటే అన్యాయం.
సున్నం కొట్టిన గోడ మాదిరి తెల్లగా,
లోపల బల్బుందో లేదో తెలీకుండా.
"చెడగొట్టినావు గదరా!"
"చెడాల" అన్నాడు ఓబులేసు.
"ముందు ఒక్కోచోట ఒక్కో తీరుగా చెడింది.
ఇప్పుడు అంతా ఒకే తీరుగా చెడింది.
ఇంక దారికొస్తాది."

మెరుగుకు పేస్టు కావాల, పండ్లు తోముకునేదే.
నా ట్యూబు నిన్ననే కత్తిరించి గోకేసినా.
మంచం కింద కార్గో పెట్టె ఉంది:
పాలపొడి, సబ్బులు, రెండు దుప్పట్లు,
పన్నెండు ట్యూబులు.
పదకొండు ఎవరెవరికో
చెంచులక్ష్మి ఫోన్లో పేరుపేరునా చెప్పింది.
పన్నెండోది నేనే వేసినా, ఆమెకు చెప్పకుండా,
మా సుబ్బన్నకు.
బావి దగ్గర గట్టు కోసం
మాటలు పోయి ఆరేండ్లు.

మూత తిప్పుతుంటే
చెయ్యి రవ్వంత ఆగింది.
ఎండ గోడ దిగతాంది. ఓబులేసు చూస్తాండాడు.
పిండినా.

పుదీనా వాసన వీధంతా.
గుండ్రంగా, గుండ్రంగా, భుజం పడిపోయేదాకా.
కుడి లైటు నీళ్ళలో గులకరాయి మాదిరి తేలింది.
ఎడమదానికి మూలలో చిన్న మబ్బు మిగిలింది.
పేస్టు అయిపోయింది, ఓపిక కూడా.

మంగళవారం ఫహస్ ఆయన
గోటితో కుడిదాని మీద రెండు తట్టి
ఎడమదాన్ని చూడకుండానే ముద్ర కొట్టినాడు.

ఆ రాత్రి మూడున్నరకు
ఆసుపత్రి డ్యూటీ ఆడోళ్ళు నలుగురూ ఎక్కినారు.
ఇన్నాళ్ళూ నా వెలుగు
ఒలికిన చాయ్ మాదిరి టైర్ల ముందరే పడేది.
ఈ పొద్దు లేచి నిలబడి పోయింది.
ఆరో రింగురోడ్డు మీద ఇసుక
సన్నగా, పాముల గుంపు మాదిరి
రోడ్డు దాటతా అగపడింది.
పగిలిన టైరు ముక్క. ఒక చెప్పు.
బోర్డు మీద అరబ్బీ, కింద ఇంగ్లీషు,
రెండూ చదవగలిగినంత దూరం నుంచే.

బండెక్కగానే నిద్రపోయే మాబున్ని
ముందు సీట్లో కండ్లు తెరిచి
బిగుసుకుని కూర్చుంది.
"అన్నా, ఇన్నాళ్ళూ
ఇంత బిరబిరానా పోతాంటిమి?"

కాలు తీసినా.

నాలుగు నెలలకు మళ్ళా పచ్చబడతాదంట,
పైన పూత కొట్టలేదు గదా.
రెండువేల కాగితం ముక్క ఆరబెట్టి, మడిచి
బండి దఫ్తర్‌లో పెట్టుకున్నా.
కింద బకాలాలో నాలుగొందల యాభై ఫిల్సులకు
ఇంకో ట్యూబు కొన్నా.
పెట్టె ఇంకా మూయలేదు.
దాని మీద పేరు రాయాల్నా వద్దా అని
పెన్ను పట్టుకుని కూర్చున్నా.