కొసరు

డులూత్‌లో మార్చి. గుమ్మంలో మంచు ఇంకా గట్టిగానే ఉంది.
స్కూలు బస్సు షెడ్డులో పెట్టి వచ్చి
వెర్లీన్ వంటింటి బల్ల దగ్గర
బ్యాంకు ఉత్తరం విప్పింది.

ఖాతా తెరిస్తే మూడు వందల డాలర్లు!
సరుకు మనది, కొసరు వాళ్లది.
ఇదేం బేరం?

అంకె అరచేతంత.
కింద షరతులు చీమల బారు.
కళ్లద్దాలు తుడుచుకుని
ఒక్కో చీమనీ వేలితో ఆపి అడిగింది.

తొంభై రోజులు జీతం నేరుగా ఇక్కడే పడాలి.
పదిహేను వందలు కదలకుండా కూర్చోవాలి,
ఒక్కరోజు లేచినా ఆ నెలకి పదిహేను కోత.
ఏడాది లోపు మూసేస్తే ఇచ్చింది వెనక్కి.

గ్యాస్ బిల్లు కవరు వెనక పెన్సిలు ఆగింది.
వేసవిలో బడి లేదు, జీతం లేదు.
ఆ మూడు నెలలూ ఏ డబ్బు కూర్చుంటుంది ఈ ఇంట్లో?
నలభై ఐదు తీసెయ్.
ఇచ్చినదాని మీద పన్నట, ఇంకో నలభై.
మిగిలింది రెండు వందల పదిహేను.
రెండు మంచు టైర్లు,
అవీ సెకండ్ హ్యాండువి.

గాలానికి చిక్కకుండా ఎర తినే చేపే
సరస్సులో ముసలిదవుతుందనేవాడు ఆమె మొగుడు ఆర్విడ్.
పాపం, క్రెడిట్ కార్డులకి
ప్రతిసారీ తనే చిక్కాడు.

సంతకం పెట్టింది.
వచ్చే ఏటి క్యాలెండరు ఇంకా అచ్చే కాలేదు.
ఈ ఏటి దాని అట్ట వెనక
ఎర్ర సిరాతో తారీఖు వేసి
పక్కన ఒకే మాట రాసింది:
మూసెయ్.